ఉరుకుందు తొట్టి, జ్యోతమ్మ నల్లపొడి

ఎమ్మిగనూరులో నేతపని వాళ్లుండే వీధులు దాటి, ఊరు అయిపోయి జొన్నచేలు మొదలయ్యే చోట ఉరుకుందు రంగుల షెడ్డు ఉండేది. మూడువైపులా నాపరాళ్ల గోడ, పైన రేకులు, లోపల రెండు పెద్ద పొయ్యిలు, మూడు సిమెంటు తొట్లు. వీధిలో మగ్గం ఉన్న ప్రతి ఇల్లూ చుట్టలుగా కట్టిన నూలు చిలపలు తెచ్చి ఆ షెడ్డులో పడేసి, కావలసిన రంగు నోటితో చెప్పి పోయేది. "మొన్న నా కూతురు కట్టుకొనిండ్యా, ఆ మెరూను" అంటే చాలు, ఉరుకుందుకు గుర్తుండేది. మనుషుల పేర్లు మరిచిపోయేవాడు గానీ రంగులు మరిచేవాడు కాదు.

అతనికి పనిలో గురువు తండ్రే. ఆయన కాలంలో పొట్లాల్లో వచ్చే రంగులు తక్కువ. నల్లరంగు కావాలంటే తుప్పు పట్టిన మేకులు, విరిగిన నాగలి కర్రులు ఏరుకొచ్చి, కుండలో బెల్లం నీళ్లలో వేసి మూడు వారాలు పులియబెట్టేవాడు. కరక్కాయ నీళ్లలో నానిన నూలును ఆ తుప్పునీళ్లలో ముంచగానే కళ్లముందే నల్లబడేది. పదేళ్ల ఉరుకుందుకు ఆ పని ఎంత తమాషాగా ఉండేదంటే, బడికి పోతూ దోవలో కనబడిన ప్రతి మేకూ జేబులో వేసుకునేవాడు. జేబులు చిరిగాయి. బడి ఆరో తరగతితో ఆగింది. పని మాత్రం ఆగలేదు.

పెళ్లినాటికే అతని చేతులు మోచేతుల దాకా నీలంగా ఉండేవి. తలంబ్రాలు పోసే వేళ అవి చూసి పెళ్లికూతురి అవ్వ "పిల్లోనికి ఏందో జబ్బుండాది, దాచిపెట్టినారు" అని పెళ్లి ఆపబోయింది. పెళ్లికూతురు సుంకులమ్మ తలొంచుకునే, అతని చేతి మీద వేలితో ఒకసారి రుద్ది చూసి, "జబ్బు కాదవ్వా, రంగు" అంది. ఇరవై రెండేళ్లయినా ఉరుకుందు ఆ మాట చెప్పి నవ్వుకునేవాడు. సుంకులమ్మ కూడా నూలు ఉడకబెట్టడం, తెల్లగా చేయడం నేర్చుకుని, రంగు ముట్టకముందు జరిగే పనంతా తన చేతిలోకి తీసుకుంది. రంగు తనది, తెలుపు ఆమెది అనేవాడు ఉరుకుందు.

అంతా బాగానే ఉంది గానీ, రంగు వేసిన తర్వాత మిగిలే నీళ్లే తలనొప్పి. ఎంత మంచి రంగయినా నూలుకు పట్టేది పట్టగా కొంత నీళ్లలోనే మిగిలిపోతుంది. ఆ నీళ్లు తొట్టి అడుగు బెజ్జం గుండా కాలువలో పడి, పక్కనున్న తిమ్మన్న చేని గట్టు దాకా పోయేవి. సోమవారం ఎర్రగా, మంగళవారం పచ్చగా. పిల్లలకు సరదాగా ఉండేది. తిమ్మన్నకు ఉండేది కాదు.

రెండువేల ఆరు, ఏరువాక పున్నమి నాడు తిమ్మన్న తన తెల్ల ఎద్దును తోలుకుని నేరుగా షెడ్డు ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఎద్దు నాలుగు కాళ్లూ మోకాళ్ల దాకా గులాబి రంగు.

"ఏమప్పా ఉరుకుందూ! ఏరువాకకు ఊరంతా ఎద్దుల కొమ్ములకు రంగులేసుకుంటారు. నా ఎద్దుకు నువ్వు కాళ్లకేస్తివే!"

ఉరుకుందు పగలబడి నవ్వాడు. తిమ్మన్న ముఖం చూసి మధ్యలో ఆపుకున్నాడు.

"నవ్వుతాండావా? గట్టు పక్కన పోయినేడు రెండు సాళ్లు జొన్న మొలవల్యా, ఎరికేనా నీకు? కర్నూలుకు పోయి ఆఫీసులో కాగితం పెడతా సూడు" అని ఎద్దును మళ్లించుకుని పోయాడు.

ఆ మాట ఉరుకుందు మనసులో ముల్లులా దిగింది. ఎద్దు కాళ్లు వానకు కడుక్కుపోతాయి. మొలవని జొన్న మాటేమిటి? అట్లని షెడ్డు మూస్తే బతుకెట్లా? నాలుగు రోజులు అన్నం సరిగా తినలేదు.

రెండు వారాలు గడిచాక, కర్నూలు బస్సు దిగి ఒక అమ్మాయి ఆ వీధిలోకి వచ్చింది. భుజానికి సంచి, రెండు చేతుల్లో ఖాళీ ప్లాస్టిక్ క్యాన్లు. "రంగు నీళ్లు బయటికి వదిలే షెడ్డు ఎక్కడుంది?" అని అడుగుతూ వస్తోందని ఉరుకుందుకు ముందే కబురొచ్చింది.

"కాగితం పెట్టేసినాడే తిమ్మన్న! ఆఫీసు నుంచి వస్తాండారు. నేను ఇంట్లో లేనని చెప్పు" అని సుంకులమ్మతో అని ఇంటి తలుపు వెనక్కి దూరాడు.

ఆ అమ్మాయి వచ్చి, "ఉరుకుందన్న ఉన్నాడా అమ్మా?" అని అడిగింది.

"లేడు. ఊరికి పోయినాడు" అంది సుంకులమ్మ.

అమ్మాయి తలుపు వైపు చూసింది. తలుపు అంచున నాలుగు నీలం వేళ్లు కనబడుతున్నాయి. "చేతులు మాత్రం ఇక్కడే వదిలిపెట్టి పోయినట్టున్నాడు" అంది.

సుంకులమ్మకు నవ్వాగలేదు. ఉరుకుందు బయటికి రాక తప్పలేదు.

వచ్చింది ఆఫీసు మనిషి కాదు. పేరు శివజ్యోతి. కర్నూలులో కాలేజీలో రసాయనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. ఊరు కల్లూరు. నీళ్లలో కలిసిన రంగుల్లాంటి చెడును విరగ్గొట్టే పొడి ఒకటి తయారుచేసింది. ల్యాబులో సీసా రంగుతో చూస్తే గంటలో నీళ్లు తేటపడ్డాయి. "సీసా రంగుతో ఎవరైనా చేస్తారు, నిజమైన నీళ్లు తెచ్చి చూపించు" అన్నాడట ఆమె గురువు సుదర్శన్ సారు. అందుకని ఆ క్యాన్లు.

"నా మురికి నీళ్లకోసం కర్నూలు నుంచి బస్సెక్కి వచ్చినావా పాపా?" అన్నాడు ఉరుకుందు, నమ్మలేక.

జ్యోతి సంచిలోంచి చిన్న సీసా తీసింది. అడుగున కాటుక లాంటి నల్లపొడి, పైన నీళ్లు. ఊపితే అంతా కలిసి సిరాలా నల్లబడింది. బయట ఒక అయస్కాంతం ఆనించగానే పొడంతా ఆ పక్కకు పాకి అతుక్కుపోయింది. నీళ్లు తేటగా మిగిలాయి.

"ఇది ఏంది?"

"ఇనుము అన్నా. ఒకరకంగా తుప్పే. కాకపోతే ఒక్కో రవ్వ వెంట్రుక మందంలో కొన్ని వేలవ వంతు ఉంటుంది. అంత సన్నగా ఉంటే పిడికెడు పొడికి కూడా చేనంత ఒళ్లు ఉంటుంది. ఆ ఒంటి మీద పని జరుగుతుంది. దీనికి తోడు హైడ్రోజన్ పెరాక్సైడ్ పోయాలి."

"నురగ మందా!" అంది సుంకులమ్మ. "నూలు తెల్లగా చేసేదానికి నేను దినామూ వాడేది అదే కదా."

"అదే. ఒట్టి మందుతో ఈ రంగులు విరగవు. ఇనుము తగిలితే దానికి వెయ్యింతల బలం వస్తుంది. ఎదురొచ్చిన రంగునల్లా ముక్కలు చేస్తుంది. ఆఖరికి గాలీ నీళ్లూ అయ్యేదాకా."

ఉరుకుందు ఆ సీసాను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తుప్పుతో రంగు వేయడం అతని ఇంటి విద్య. తుప్పుతో రంగు తీయడం వినలేదు. "మా నాయన ఉంటే నిన్ను ఈడనే కూర్చోబెట్టుకునేవాడు పాపా" అన్నాడు. రెండు క్యాన్లూ నింపి, బస్టాండు దాకా తనే మోసుకుపోయాడు.

పది రోజులకు జ్యోతి తిరిగొచ్చింది. ముఖంలో కళ లేదు.

"పనిచేయలేదన్నా. మీ నీళ్లు ఎర్రగా తీసుకుపోతే ఎర్రగానే ఉన్నాయి. పొడి మార్చాను, మందు పెంచాను. ఊహూఁ."

ఉరుకుందు తొట్టిలో చెయ్యి ముంచి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి రుద్దాడు. "నీ సీసా నీళ్లు ఇట్ల జారుతాయా?"

ఆమె కూడా రుద్ది చూసింది. సబ్బు నీళ్లలా జారాయి.

"సోడా అమ్మా. నూలుకు రంగు పట్టల్లంటే ఉప్పు వెయ్యల్ల, సోడా వెయ్యల్ల. నీ పొడికి ఏది ఇష్టం? సోడానా, పులుపా?"

"పులుపే" అంది జ్యోతి, తన మీద తనకే కోపం వచ్చినట్టు. "బాగా పుల్లగా ఉంటేనే పనిచేస్తుంది. నీళ్లు తీసుకుపోయిన రోజే చూడాల్సింది."

"అట్లయితే ఇట్ల రా" అని అతను మూలనున్న చిన్న తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. అంచుల కోసం వారానికొకసారి పట్టునూలుకు రంగు వేసేవాడు. పట్టుకు సోడా పడదు, పులుపు మందు కావాలి. ఆ నీళ్లు కూడా ఇంతకాలం అదే కాలువలోకి పోయేవి. "దీన్ని దాంట్లో పోస్తే? రెండూ పారబోసేవే కదా!"

పోశారు. జ్యోతి సంచిలోంచి రంగుమారే కాగితం ముక్కలు తీసి ముంచింది. కావలసిన పులుపుకు సగం దూరం వచ్చింది. మిగతా సగానికి కొంచెం యాసిడ్ చుక్కలు చుక్కలుగా కలిపింది. ఆ మధ్యాహ్నం, పొయ్యిల మధ్యన తిరగేసిన గంప మీద కూర్చుని, ఒక బక్కెట్టులో నల్లపొడీ నురగ మందూ వేసి ముగ్గురూ కాచుకున్నారు. అరగంటకు మార్పు లేదు. గంటకు ఎరుపు కాస్త పాలిపోయింది. మూడు గంటలకు టీ నీళ్లలా అయింది. సుంకులమ్మ జొన్నరొట్టెలూ పచ్చికారమూ తెస్తే, అందరూ తినేసి చేతులు కడుక్కుని చూస్తే, అయస్కాంతం పట్టిన పక్కన నల్లటి ముద్ద, మిగతాదంతా బోరు నీళ్లలా తేటగా ఉంది.

ఉరుకుందు తెల్లనూలు పోగొకటి అందులో ముంచి తీశాడు. తెల్లగానే వచ్చింది. దాన్ని ఎండకు పట్టుకుని తిప్పి తిప్పి చూసి, వీధిలోకి పరుగెత్తాడు. "తిమ్మన్నా! ఓ తిమ్మన్నా! రాప్పా ఈడికి!"

తిమ్మన్న వచ్చాడు. బక్కెట్టు చూశాడు. వాసన చూశాడు. అంత తొందరగా మెచ్చుకునే మనిషి కాదు.

"రంగు పోయినాది, సరే. నా చేనికి రంగుతో పనేముండాది? ఈ నీళ్లతో జొన్న మొలిస్తే అప్పుడు చెప్పండి."

"ఆయన చెప్పింది నిజం" అంది జ్యోతి. "రంగు కనబడనంత మాత్రాన నీళ్లు మంచివని కాదు. మా సారు కూడా ఇదే అంటాడు."

మూడు పళ్లాల్లో తడిగుడ్డలు పరిచి, ఒక్కో దాంట్లో ఇరవై జొన్నగింజలు లెక్కబెట్టి పెట్టారు. ఒకదానికి బోరు నీళ్లు, ఒకదానికి రంగు నీళ్లు, ఒకదానికి తేటపడిన నీళ్లు. జ్యోతి కర్నూలుకు పోయింది. రోజూ కాయిన్‌బాక్సు దగ్గరికి పోయి ఫోన్ చేసి చెప్పే పని ఉరుకుందుది. నాలుగో రోజున చెప్పాడు: "బోరు నీళ్లల్లో పద్దెనిమిది లేసినాయి. రంగు నీళ్లల్లో ఒక్కటీ లేదు. మన నీళ్లల్లో నాలుగు."

"ఉప్పు అన్నా" అంది జ్యోతి అవతలినుంచి. "రంగును విరగ్గొట్టగలం గానీ ఉప్పును ఈ పొడి ఏమీ చేయలేదు. ఉప్పు తీయాలంటే పెద్ద మిషన్లు కావాలి. అది మనవల్ల కాదు."

ఉరుకుందు ఫోన్ పెట్టేసి షెడ్డుకు నడిచాడు. ఆ రోజు ఒక మెరూను తొట్టి పెట్టాలి. నీళ్లు ట్యాంకరులో వచ్చాయి. వేసవి నుంచి బోరు సగమే పోస్తోంది. నీళ్లు నింపి, రంగు కలిపి, అలవాటుగా ఉప్పు బస్తా మూతి విప్పి చాటతో ఎత్తాడు. చాట గాల్లోనే ఆగిపోయింది.

"సుంకులూ!" అని అరిచాడు. "ఉప్పు తీసేది ఎందుకే? నేను మళ్లా వేసేదే కదా!"

పొయ్యి దగ్గర నుంచి సుంకులమ్మ తల తిప్పి చూసింది.

"ఆ నీళ్లు బయటికి పోతే కదా జొన్నకు చెడుపు. పోనే పోకపోతే? రంగు విరగ్గొట్టి మళ్లా ఇదే తొట్లో పోసుకుంటే నీళ్లూ మిగులుతాయి, ఉప్పూ మిగులుతాది!"

మళ్లీ కాయిన్‌బాక్సుకు పరుగు. ఈసారి అవతలివైపు నుంచి నవ్వు వినబడింది. "అన్నా, రెండేళ్లుగా పుస్తకాలు చదువుతున్నాను, నాకు తట్టలేదు" అంది జ్యోతి.

తట్టడం వేరు, కుదరడం వేరు. పాత నీళ్లలో వేసిన మొదటి పది చిలపలు తెల్లమచ్చలతో బొల్లి పట్టినట్టు వచ్చాయి. అవి ఎవరివో ఆ ఇంటివాళ్లు వచ్చి, "మెరూను అడిగితే చిరుతపులిని ఇస్తివే" అన్నారు. కొత్తనూలు తెచ్చి ఇచ్చుకున్నాడు. జ్యోతి వచ్చి లెక్కలు చూసింది, పొడి చూసింది, కారణం దొరకలేదు. పట్టుకుంది సుంకులమ్మ. ఆ నీళ్లు దోసిట్లోకి తీసుకుని, "ఇంకా సన్నగా బుడగలొస్తాండాయి చూడు. నురగ మందు చావల్యా. నూలు తెల్లగా చేసినాక నేను కడగకుండా ఇస్తే నీ రంగు పడతాదా? ఇదీ అంతే. రెండు దినాలు ఎండలో పెట్టండి" అంది.

రెండు రోజులు ఎండలో పెట్టారు. రాయలసీమలో ఎండకు కరువేముంది! మూడో రోజు వేసిన మెరూను ఎక్కడా మచ్చ లేకుండా, ఉరుకుందు చేతిలో ఎప్పుడూ వచ్చే మెరూనులాగే వచ్చింది.

ఆ తర్వాత బక్కెట్టు నుంచి తొట్టికి మారారు. నాపరాళ్లతో నాలుగో తొట్టి కట్టాడు ఉరుకుందు. అంత నీళ్లలోంచి పొడిని తీయడానికి చేతి అయస్కాంతం చాలదు. ఆదోనిలో పాతసామాన్ల అంగడి నుంచి పగిలిన మైకుల అయస్కాంతాలు పద్నాలుగు తెచ్చి, ప్లాస్టిక్ గొట్టంలో వరుసగా కుక్కి, రెండు చివర్లూ మూసి, దాన్ని నీళ్లలో గరిటెలా తిప్పేవాడు. పొడంతా గొంగళిపురుగు నూగులా గొట్టానికి పట్టేది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ వాడేవాడు. అలా ఆరేడు సార్లు తిరిగేసరికి నీళ్లు చిక్కబడేవి. అప్పుడు వాటిని వెడల్పాటి బండ మీద ఆరబెట్టి, మిగిలిన ఉప్పును గోకి బస్తాకెత్తేవాడు. కాలువ ఎండిపోయింది. మరుసటి ఏడు వానలు ఉప్పును కడిగేశాక తిమ్మన్న గట్టు పక్క సాళ్లు కూడా విత్తాడు. మొలిచాయని నోటితో చెప్పలేదు. జొన్నలు కొట్టినప్పుడు ఒక చాటెడు తెచ్చి సుంకులమ్మ ముందర పెట్టి, "రొట్టె చేసుకోండి" అని వెళ్లిపోయాడు.

రెండువేల తొమ్మిది వేసవిలో జ్యోతి పరిశోధన మీద ఆఖరి పరీక్ష. బయటి ఊరి నుంచి పరీక్షకుడు వస్తాడు, అందరి ముందూ ప్రశ్నలడుగుతాడు, మీరిద్దరూ రావాల్సిందే అని ఆమె పట్టుబట్టింది. ఉరుకుందు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఒక గుడ్డసంచి చంకలో పెట్టుకుని, సుంకులమ్మతో కలిసి కర్నూలు కాలేజీలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. చేతులు బల్ల కింద దాచుకున్నాడు.

పరీక్షకుడు పెద్దమనిషి, తెల్లగడ్డం. అన్నీ ఓపికగా విని, "అమ్మా, గ్రాఫుల గీతలన్నీ బాగున్నాయి. కానీ ఈ నీళ్లలో వేసిన రంగుకూ మంచినీళ్లలో వేసిన రంగుకూ తేడా ఉండి తీరుతుంది. నేత నేసేవాడు ఒప్పుకుంటాడా?" అన్నాడు.

జ్యోతి జవాబు చెప్పబోయేంతలో వెనకనుంచి "సారూ" అని వినబడింది. ఉరుకుందు లేచి నిలబడ్డాడు. సుంకులమ్మ అతని వీపు మీద వేలితో పొడిచింది, ఇక నడవక తప్పలేదు.

గుడ్డసంచిలోంచి రెండు మెరూను చిలపలు తీసి బల్ల మీద పెట్టాడు. "ఒకటి ట్యాంకరు నీళ్లల్లో వేసినాను సారూ. ఇంకోటి అయిదుసార్లు తిరిగిన నీళ్లల్లో. ఏది ఏదో మీరే చెప్పండి."

పెద్దమనిషి కళ్లద్దాలు తుడుచుకుని, కిటికీ దగ్గరికి తీసుకుపోయి, నలిపి, ఎండకు పట్టి చూశాడు. కుడిచేతిది పైకెత్తి, "ఇది మంచినీళ్లది. మెరుపు కనబడుతోంది" అన్నాడు.

ఉరుకుందు ఆ చిలప ముడి విప్పి, లోపల గుర్తుకు కట్టిన చిన్న దారం ముక్కలు లెక్కబెట్టి చూపించాడు. అయిదు ముక్కలు. అయిదుసార్లు తిరిగిన నీళ్లు.

మొదట నవ్వింది ఆ పెద్దమనిషే. తర్వాత గదంతా నవ్వింది. సుదర్శన్ సారు అయితే కళ్లు తుడుచుకున్నాడు. పెద్దమనిషి చెయ్యి చాపాడు. ఉరుకుందు తన చెయ్యి ప్యాంటుకు రెండుసార్లు తుడుచుకుని, తుడిస్తే పోయే నీలం కాదని గుర్తొచ్చి, అట్లాగే ఇచ్చాడు.

మధ్యాహ్నం కాలేజీ క్యాంటీనులో అందరూ కలిసి భోంచేశారు. "డాక్టరమ్మా" అని పిలిచాడు ఉరుకుందు. "ఇంక సూది వేస్తావా ఏంది?" అంది సుంకులమ్మ. జ్యోతి ఇద్దరికీ తన చేత్తో వడ్డించింది. తన పరిశోధన పుస్తకం మొదటి పేజీలో కృతజ్ఞతలు చెప్పినచోట వాళ్లిద్దరి పేర్లూ ఉన్నాయని చదివి వినిపించింది. సుంకులమ్మ తన పేరున్న చోట వేలు పెట్టి చూపించమంది. చూపిస్తే, తనూ వేలు పెట్టబోయి, అన్నం తిన్న చెయ్యి అని వెనక్కి తీసుకుంది.

ఆ సంవత్సరమే జ్యోతికి కడపలో ఒక కాలేజీలో ఉద్యోగమొచ్చింది. ఉరుకుందు షెడ్డుకు నందవరం వైపు నుంచి, ఆదోని వైపు నుంచి రంగులు వేసేవాళ్లు ఒకరిద్దరుగా వచ్చి చూసిపోవడం మొదలైంది. కొందరు చేశారు, కొందరు ఇంత తిప్పలెవరు పడతారని వదిలేశారు. అడిగినవాళ్లకు అడిగినంత చెప్పేవాడు. పులుపు ఎక్కువైతే ఏమవుతుందో, గొట్టం ఎట్లా తిప్పాలో చెప్పి, పొడి అయిపోతే జ్యోతమ్మకు ఫోన్ చేయమని నంబరు రాసిచ్చేవాడు.

ఇప్పుడతని దగ్గర సెల్‌ఫోను ఉంది. తడిచేతులతో తీస్తే పాడవుతుందని సుంకులమ్మ దాన్ని పాలిథిన్ కవరులో కట్టిపెట్టింది. ఒక ఆదివారం అందులోంచే జ్యోతి గొంతు వినిపించింది.

"అన్నా, మా కాలేజీ పిల్లలకు ఈ సంగతి పాఠంలో చెప్పాను. కళ్లతో చూస్తామంటున్నారు. ఒకసారి కడపకు వచ్చి చేసి చూపిస్తావా?"

"ఎంతమంది ఉంటారమ్మా?"

"అరవై మంది."

ఉరుకుందు అయస్కాంతాల గొట్టాన్ని గోడకానించి, చేతులు కడుక్కుని, కవరును చెవికి సరిగ్గా పెట్టుకున్నాడు.

"వస్తాంలేమ్మా. రెండు టిక్కెట్లు తీసుకుంటా. సుంకులమ్మ కూడా రావల్ల. నురగ సంగతి పిల్లలు ఏమన్నా అడిగితే నాకు సరిగ్గా తెలీదు."